పడిన టేకు ఆగుతుంది, పడిన మామిడి ఆగదు

వేసవిలో గాలివాన వెలిసిన మర్నాడు తెల్లవారకముందే మా ఫోను మోగుతుంది. వరంగల్ జిల్లా నర్సంపేట దారిలో మాకొక చిన్న కోతమిల్లు ఉంది. రంపం మా ఆయనది. టేపు, చిట్టా, గల్లాపెట్టె నావి. 1991 నుంచి ఇదే పని. "అక్కా, చెట్లు పడ్డాయి, ట్రాక్టర్‌కు ఎత్తుకుని రమ్మంటావా?" అని ఒకరి తర్వాత ఒకరు అడుగుతారు. నేను అందరినీ ముందు ఒకటే అడుగుతాను: ఏం చెట్టు? టేకు అంటే, టీ తాగి నిదానంగా మాట్లాడుకుందాం అంటాను. మామిడి అంటే, ఈరోజే మనుషులను పిలవమంటాను.

రైతులు చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. టేకు ఖరీదైనది కదా అని దాని చుట్టూ తిరుగుతారు, మామిడిని వంటచెరకు కింద జమకట్టి వదిలేస్తారు. టేకు చేవను చెద గాని బూజు గాని అంత తేలిగ్గా ముట్టదు. ఆరు నెలలు గట్టున పడి ఉన్నా పైనున్న తెల్లచెక్క పోతుందేమో గాని లోపలి చేవ అలాగే ఉంటుంది. మామిడి అలా కాదు. ఎండాకాలం వేడికి వారం పది రోజుల్లోనే దుంగ కొసల నుంచి నీలిచార లోపలికి దిగుతుంది. పలక కోసి చూస్తే సిరా ఒలికినట్టు కనబడుతుంది. ఆ తర్వాత దాన్ని దర్వాజ రెక్కలకు ఎవరూ అడగరు, సెంట్రింగ్ పలకలకు పోతుంది.

రెండేళ్ల కింద ఖానాపురం వైపు ఒక రైతు చేనులో జరిగినదాన్ని పట్టుకుని మిగతా సంగతులు చెబుతాను, అందులో అన్నీ ఉన్నాయి. మార్చి చివర్లో పక్క చేనులో పత్తి కట్టె తగలబెట్టారు. నిప్పు గట్టు మీది ఎండు గడ్డిని పట్టుకుని పాకి, అరవై టేకుల మొదళ్లను నల్లగా మాడ్చింది. మూడు వారాలకు వడగండ్ల వాన వచ్చింది. అదే గట్టు మీద పదకొండు టేకులు, చేను మధ్య రెండు మామిళ్లు, బావి దగ్గర ఒక వేప పడిపోయాయి. నేను తమ్ముడూ అని పిలిచే ఆ రైతు అరవై టేకులూ ఒకేసారి కొట్టించేద్దామని తయారయ్యాడు. అప్పటికే ఒక బేరగాడు వచ్చి గట్టు మొత్తానికి గుత్తగా ఒక ధర చెప్పి వెళ్లాడు.

ముందు ఫోటో, తర్వాత గొడ్డలి

పడిన చెట్టును పడినట్టే ఫోటో తీయండి. వేర్లు, మొదలు, వెనక గట్టు, పక్కన ఒక మనిషి, అన్నీ కనబడాలి. నష్టం రాసుకోవడానికి వచ్చేవాళ్లు చూసేది అదే, అటవీ శాఖ వాళ్లు చూసేదీ అదే. గాలికి పడింది కాబట్టి అనుమతి అక్కర్లేదు అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. మన పట్టా భూమిలో మనం నాటుకున్న టేకే అయినా, వాల్టా అని అందరూ పిలిచే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది, దుంగను రోడ్డు ఎక్కించడానికి రవాణా పర్మిట్ ఉంది. జాతిని బట్టి మినహాయింపులుంటాయి కాబట్టి పట్టాదారు పాసుపుస్తకం పట్టుకుని అటవీ రేంజి కార్యాలయానికి వెళ్లి, ఫలానా చెట్టు, ఇన్ని, అని చెప్పి అడగండి. పర్మిట్ లేని టేకు దుంగను మా గేటు లోపలికి రానివ్వను. వచ్చిన ప్రతి దుంగకూ లెక్క చూపాల్సింది నేను.

ఒక చిన్న పని చేస్తే తనిఖీ సుళువవుతుంది. నేలలో మిగిలిన మొద్దు మీద పెయింటుతో ఒక అంకె వేయండి, ఆ చెట్టు నుంచి వచ్చిన దుంగలన్నిటికీ అదే అంకె వేయండి. ఏడో చెట్టయితే మొద్దు మీద 7, దుంగల మీద 7-1, 7-2. వచ్చిన అధికారి మొద్దుకూ దుంగకూ జత కలుపుకుని, సుత్తితో కొట్టే శాఖ ముద్ర వేసి వెళతాడు. ఇది చేయకపోతే పదకొండు మొద్దులకు ముప్పై దుంగలు ఎలా వచ్చాయని గట్టు మీద నిలబడి వాదించాలి.

ఇదంతా మన చెట్టు సంగతి. అడవిలో పడినది వేరు. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవిలో ఒక్క గాలివానకు 50 వేలకు పైగా చెట్లు కూలాయి. కొన్నాళ్లకు ఆ దారిన వెళ్లినప్పుడు బస్సు కిటికీలోంచి చూశాను. మిల్లు నడిపేదాన్ని, నా కళ్లు ముందు దుంగలనే లెక్కపెట్టాయి, అబద్ధం ఎందుకు. బస్సులో ఒకాయన, ఇంత కలప మట్టిపాలు చేస్తారా అని కోప్పడ్డాడు. అది ఏటూరునాగారం అభయారణ్యం. జాతీయ పార్కుల్లో, అభయారణ్యాల్లో ఎండిన, గాలికి పడిన చెట్లను కూడా తరలించకూడదని సుప్రీంకోర్టు 2000 ఫిబ్రవరి 14న ఉత్తర్వు ఇచ్చింది. మా దగ్గరి పాకాల కూడా అభయారణ్యమే. అక్కడ పడిన కొమ్మను సైకిల్ మీద కట్టుకురావడం కూడా తప్పే. పోడు పట్టా ఉన్నవాళ్లు కూడా గుర్తుంచుకోవాలి: 2006 అటవీ హక్కుల చట్టం తునికాకు, ఇప్పపువ్వు లాంటి వాటి మీద హక్కు ఇచ్చింది గాని, కలప మీద కాదు. 2023 జూలైలో మోరంచవాగు మోరంచపల్లిని ముంచినట్టు వరదలు వచ్చినప్పుడు చేలలోకి దుంగలు కొట్టుకొస్తాయి. అవి ఎవరివో రుజువయ్యేదాకా సర్కారువి. పైగా వాటి పగుళ్ల నిండా ఇసుక, గులకరాళ్లు ఉంటాయి కాబట్టి మేము ఎలాగూ కోయం.

నల్లబడినదల్లా చచ్చినది కాదు

ఆ అరవై టేకుల దగ్గరికి వద్దాం. మాడిన బెరడును చూసి చెట్టు చచ్చిందనుకుంటే సగం బతికిన చెట్లను కొట్టుకుంటాం. మన దగ్గర గట్లను, అడవులను అంటుకునేది నేలమీద పాకే నిప్పు. ఆకు, గడ్డి కాలి పదిహేను నిమిషాల్లో ముందుకు పోతుంది. టేకు బెరడు అరంగుళం మందముంటే ఆ వేడిని చాలావరకు ఆపుతుంది. చెట్టు ప్రాణం బెరడుకూ చెక్కకూ నడుమ ఉండే పలుచని తడి పొరలో ఉంటుంది. ఆ పొరను చూడాలి.

చిన్న చాకు చాలు. నేల నుంచి జానెడు ఎత్తున, మాడిన బెరడు మీద అగ్గిపెట్టె అంత గాటు పెట్టి బెరడు ముక్కను లేపండి. లోపల తెల్లగానో లేత పసుపుగానో ఉండి, వేలికి జిగటగా తడి తగిలి, పచ్చి వాసన వస్తే అక్కడ బతికే ఉంది. గోధుమరంగు తిరిగి, ఎండిపోయి గాని పులిసిన వాసనతో గాని ఉంటే అక్కడ పోయింది. ఇలా నాలుగు దిక్కులా చూడాలి. గాలి ఏ వైపు నుంచి వచ్చిందో దానికి ఎదురు వైపు, అంటే చెట్టు చాటు వైపు, మంట సుడి తిరిగి ఎక్కువసేపు నిలుస్తుంది. మసి కూడా ఆ వైపే ఎత్తుకు పాకి ఉంటుంది. మొదటి గాటు అక్కడే పెట్టండి. ఒక్క దిక్కున పోతే చెట్టు బతుకుతుంది, మచ్చ మిగులుతుంది. రెండు దిక్కుల పోతే అనుమానం. మూడు పోతే ఆశ వదులుకోవచ్చు. చూసిన తర్వాత ఆ గాటు మీద తడి మట్టి మెత్తండి.

అనుమానం ఉన్నవాటిని ఏం చేయాలి? మృగశిర కార్తె దాకా వదిలేయండి. టేకు మార్చిలో ఎలాగూ ఆకు రాల్చి నిద్రలో ఉంటుంది. తొలకరికి చిగురించిందో లేదో అదే చెబుతుంది. ఈలోపు చచ్చిన టేకు నిలబడి ఎండితే మనకు వచ్చే నష్టం దాదాపు లేదు. ఆ తమ్ముడి అరవైలో జూన్ నెలాఖరుకు నలభై ఒకటి చిగురు పెట్టాయి. బేరగాడు అన్నిటికీ కలిపి చెప్పిన ధరలో ఆ నలభై ఒకటీ ఉన్నాయి మరి.

ఆగకూడనివి ఏవంటే, మామిడి, బూరుగు మొదటి వారంలోనే మిల్లుకు రావాలి. తుమ్మను వెంటనే కోయకపోయినా బెరడు మాత్రం తీసేయాలి. బెరడు కింద పురుగు గుడ్లు పెట్టి, లోపల సొరంగాలు తవ్వుతుంది. వేప చేదు కాబట్టి నీడన ఒకటి రెండు నెలలు ఓర్చుకుంటుంది. జామాయిల్ లెక్క వేరు. దాన్ని టన్నుల్లో తూస్తారు, పడి ఉన్నకొద్దీ తడి ఆరి తూకం తగ్గుతుంది. మా ములుగు వైపు కమలాపురం గుజ్జు మిల్లు 2014లో ఆగిపోయిన తర్వాత సరుకు దూరం పోవాల్సి వస్తోంది కాబట్టి లారీ దొరికేదాకా కూడా తూకం పోతూనే ఉంటుంది. కాలిన జామాయిల్ అయితే పచ్చిగా ఉన్నప్పుడే బెరడు ఒలిచేయండి. బొగ్గు నలక గుజ్జులో కలిస్తే కాగితం మీద చుక్కలవుతుంది కాబట్టి కాగితం మిల్లులు నల్లబడినదాన్ని తీసుకోవు.

కోసేటప్పుడు

నిలబడిన చెట్టును కొట్టడంలోనే కాదు, పడిన చెట్టును కోయడంలోనూ చాలామంది దెబ్బ తగిలించుకుంటారు. కరెంటు తీగ మీద పడిన చెట్టు దగ్గరికి అసలు వెళ్లకండి, 1912కు ఫోను చేసి సరఫరా ఆపించిన తర్వాతే మిగతా మాట. కాలిన చెట్టయితే ముందు తల ఎత్తి చూడండి, ఎండు కొమ్మ ఏదైనా వేలాడుతోందా అని. తర్వాత గొడ్డలి వెనక వైపుతో మొదట్లో తట్టండి. డప్పు మోగినట్టు మోగితే లోపల గుల్ల. అది ఏ వైపు కూలేదీ మన చేతిలో ఉండదు. మొదలు చుట్టూ బూడిద గుంటలు కూడా చూసుకోవాలి. వేరు లోలోపల కాలిపోయి పైన బూడిద కప్పి ఉంటుంది, కాలు వేస్తే మోకాటి దాకా దిగుతుంది. నిప్పు పడిన తర్వాత రోజుల తరబడి లోపల కణికలు కూడా ఉండొచ్చు.

పడిన మాను ఒట్టి బరువు కాదు, వంచి పట్టిన విల్లు లాంటిది. పచ్చి చెరకు గడను మోకాలి మీద వంచి చూడండి. లోపలి వైపు నలిగి ముడుచుకుంటుంది, బయటి వైపు సాగి పగులుతుంది. మానులోనూ అంతే. రెండు కొసలూ గట్టుల మీద ఆని నడుమ గాలిలో ఉంటే పైభాగం నలిగే వైపు, కింది భాగం సాగే వైపు. ఒక కొస మాత్రమే ఆని రెండోది గాలిలో ఉంటే దీనికి తారుమారు. ఎప్పుడైనా ముందు నలిగే వైపు మూడో వంతు లోతు కోయాలి, తర్వాత సాగే వైపు నుంచి వచ్చి కలపాలి. ముందే సాగే వైపు కోస్తే మాను నిలువునా చీలి ఎగిరి తన్నుతుంది. నలిగే వైపు లోతుగా పోతే రంపం ఇరుక్కుంటుంది. దానికి కోతలో చెక్క ముక్క ఒకటి కొట్టి ఉంచుకుంటే చాలు.

వేర్లతో సహా లేచిన చెట్టు దగ్గర పిల్లలను, పశువులను ఉండనివ్వకండి. మాను బరువు తెగ్గోయగానే వేళ్ల మట్టిగడ్డ ధబ్బున తిరిగి గుంటలో కూర్చుంటుంది. ఆ బావి దగ్గరి వేపకు అలాగే జరిగింది. ముందే మోకు వేసి ఇంకో చెట్టుకు కట్టించాను కాబట్టి మెల్లగా దిగింది. ఆ గుంటలో అంతకు ముందు రోజు దాకా మేకలు పడుకున్నాయి.

దుంగలు నరికేటప్పుడు ఏ పనికో అనుకుని నరకండి. ఏడడుగుల దర్వాజకు ఏడడుగుల దుంగ సరిపోదు, కొసలు పగులుతాయి, నాలుగైదు అంగుళాలు ఎక్కువ ఉంచాలి. మంచం కోళ్లకు, మేడికి పనికొచ్చే వంకర ముక్కలను విడిగా పెట్టండి. నేల తడిగా ఉన్నప్పుడు నల్లరేగడిలోకి ట్రాక్టర్ దింపవద్దు. ఆ చక్రాల గాడి నాలుగు పంటల దాకా పోదు.

బొగ్గు, ఇనుము, కనబడని ముడత

మా దగ్గరికి వచ్చేముందు మాడిన బెరడు పూర్తిగా చెక్కేయండి. లోపలి చెక్క బాగానే ఉంటుంది. చెక్కలోకి వేడి అంత తొందరగా దిగదు, పైన వేలు మందం బొగ్గయినా దాని కింద పచ్చి చెక్కే. కానీ బెరడులో మట్టీ ఇసుకా కాలి అంటుకుని ఉంటాయి. టేకులో సహజంగానే ఇసుక గుణం ఉంది, రంపం పళ్లను అరగదీస్తుంది. దానికి ఇది తోడైతే మూడు దుంగలకే పళ్లు మొండిబారతాయి, ఆ పదును ఖర్చు మీ బిల్లులోకే వస్తుంది.

గట్టు చెట్లలో ఇనుము ఉంటుంది. కంచె తీగ, మేకులు, బోరు వైరు కట్టిన కొక్కేలు. ఎప్పుడో కొట్టినదాన్ని చెట్టు మింగేసి పైన నున్నగా బెరడు కప్పుకుంటుంది. ఆ వేపలో మాకు దొరికింది బర్రెను కట్టేసే ఇనుప కడియం. చెక్క లోపల దాని చుట్టూ నీలి నల్ల మరక ఉంది, కానీ బయట చిన్న బొడిపె తప్ప ఏమీ లేదు. బ్యాండ్ రంపం దానికి తగిలి తెగి, పాములా కొట్టుకుంటూ గోడకు తగిలి ఆగింది. ఆ రోజు నుంచి స్పీకర్ల దుకాణంలో కొన్న పెద్ద అయస్కాంతాన్ని తాడుకు కట్టి, మనిషి ఎత్తు వరకు ప్రతి గట్టు దుంగ మీదా తిప్పుతున్నాం. మీ నాయనను అడగండి, ఏ చెట్టుకు ఏం కట్టేవాడో ఆయనకు గుర్తుంటుంది. అయస్కాంతం కంటే అదే నమ్మకం.

మూడోది చాలామంది మిల్లులవాళ్లకు కూడా పట్టదు. గాలికి బాగా ఊగి వంగిన చెట్టులో, నలిగిన వైపు నారలు లోపల్లోపల విరిగి ఉంటాయి. ఇందాక చెప్పిన చెరకు ముడత అదే. పలక కోసి చిత్రిక పట్టి, కిటికీ దగ్గర వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే, నారకు అడ్డంగా వెంట్రుక మందం గీత కనబడుతుంది. గోరుతో రుద్దితే తెలియనే తెలియదు. అలాంటి పలక అల్మారాకు నిక్షేపంగా పనికొస్తుంది. దూలానికి, నిచ్చెనకు, మంచం పట్టెకు, గొడ్డలి కామకు మాత్రం వాడకండి. బరువు పడిన రోజు కర్రలా వంగదు, ముల్లంగిలా విరుగుతుంది.

గుత్త బేరం, కొలత బేరం

గాలివాన మర్నాడు గుత్త ధర చెప్పేవాడిని పంపేయండి. కొలిచి అమ్మండి, లెక్క కష్టమేమీ కాదు. దుంగ నడుమ చుట్టుకొలత అంగుళాల్లో తీసి నాలుగుతో భాగించండి. వచ్చినదాన్ని దానితోనే గుణించి, అడుగుల్లో పొడవుతో గుణించి, 144తో భాగిస్తే ఘనపుటడుగులు. 36 అంగుళాల చుట్టుకొలత, 8 అడుగుల పొడవుకు నాలుగున్నర ఘనపుటడుగులు. అదే దుంగకు అరంగుళం మందం బెరడు తీసేస్తే చుట్టుకొలత 33కు దిగుతుంది, లెక్క 3.78 వస్తుంది. కాబట్టి ధర మాట్లాడేటప్పుడే బెరడుతోనా, బెరడు లేకుండానా అని తేల్చుకోండి. ఈ కొలత పద్ధతి నిజమైన ఘనపరిమాణం కంటే అయిదో వంతు పైనే తక్కువ చూపిస్తుంది. అది కోతలో పోయే తరుగు కింద వదిలేసే పాత ఆచారం. దాని మీద మళ్లీ "కాలిన సరుకు" అని ఇంకో కోత వేస్తే మాత్రం ఒప్పుకోకండి. కాలినది బెరడు, దాన్ని మీరే తీసి ఇస్తున్నారు.

ధర నచ్చకపోతే దాచుకోవాలి. దుంగ రెండు కొసలకూ మిగిలిన పెయింటు ఏదైనా దట్టంగా పూయండి, తడి కొసల నుంచి దూకుడుగా పోవడం వల్లే పగుళ్లు వస్తాయి. కింద రాళ్లు పెట్టి, నీడన, గాలి ఆడేలా పేర్చండి. పలకలు కోయించుకుంటే రెండడుగులకొక అంగుళం పుల్ల అడ్డంగా వేసి వరసలు పేర్చండి. టేకు తెల్లచెక్క, మామిడి పలకలైతే పచ్చిగా ఉండగానే బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో ముంచి తీసి, రెండు మూడు వారాలు టార్పాలిన్ పట్టా కప్పి ఉంచితే మందు లోపలికి దిగుతుంది, పొట్టు రాల్చే పురుగు రాదు. వానకు తడిసే చోట ఈ మందు నిలవదు, కడుక్కుపోతుంది.

దుంగలను కుంటలో ముంచి దాచడం మా మామయ్య కాలంలో ఉండేది. నీళ్లు నిండిన చెక్కకు గాలి అందదు, గాలి లేకపోతే బూజు బతకదు. 2005 జనవరిలో స్వీడన్‌లో గుడ్రున్ అనే తుఫాను దాదాపు ఏడున్నర కోట్ల ఘనపు మీటర్ల కలపను పడగొడితే, వాళ్లు కొండల్లా పేర్చిన దుంగల మీద నీళ్లు చిమ్ముతూ నిలవ ఉంచారట, మా అమ్మాయి చదివి చెప్పింది. మీ ఊరి చెరువులో అయితే ముందు చేపలు పెంచే సంఘాన్ని అడగండి. దుంగకు వల చిక్కుకుంటే జరిగే పంచాయితీ కలప ధరకు సరిపోదు.

చివరగా మొద్దులు. మాడి చచ్చిందని ఖాయమైన టేకును తొలకరికి ముందే, అనుమానంతో ఆపినదాన్ని చిగురించలేదని తేలగానే, నేలకు బెత్తెడు ఎత్తున, నీళ్లు నిలవకుండా ఏటవాలుగా, ఒక్క కోతలో కోయించండి. చీలికలు రాకూడదు, బెరడు వేలాడకూడదు. వేళ్లు బతికే ఉంటాయి. జూలైకల్లా చుట్టూ అయిదారు పిలకలు లేస్తాయి. ఏడాది ఆగి, బలమైనదాన్ని, నేలకు దగ్గరగా పుట్టినదాన్ని ఒకటే ఉంచి మిగతావి తీసేయండి. ముసలి వేరు కింద ఉంది కాబట్టి కొత్తగా నాటిన మొక్క కంటే వేగంగా పోతుంది. ఆ తమ్ముడి గట్టున ఇలాంటివి పందొమ్మిది ఉన్నాయి. టేకు చిగురును మేకలు పెద్దగా ముట్టవు, భయమంతా ట్రాక్టర్ గొర్రుతోనే. ప్రతి మొద్దు పక్కన ఒక కర్ర పాతి ఎర్ర గుడ్డ కట్టమని చెప్పాను. పద్దెనిమిదింటికి కట్టాడు, కట్టని ఒక్కదాన్ని దుక్కిలో గొర్రు లేపేసింది.